దుక్కి యింజను, పందెపు బండి



పోయిన వేసవిలో దేవరకొండ వైపున నొక గ్రామమునకు పోయితిని. అచ్చట నొక పెద్దరైతుగారి దొడ్డిలో, చింతచెట్టు క్రింద, పాత ఆయిలింజను ఒకటి పడియున్నది. ఇరువదేండ్లు బావినీరు తోడి తోడి, పొగలు క్రక్కి, బలము తగ్గి, బోరు వేయించిన నాటినుండి అది యెండకు వానకు అట్లే యున్నదట. మఱునాడు తుక్కు వర్తకుడు వచ్చి తూకమునకు కొనిపోవునని ఆయన చెప్పిరి. నేను దాని తల విప్పించి లోపల చేయిపెట్టి చూచి, "పటేలా, దీని పెయ్యికేం రోగం లేదు. లోపటి లైనరే అరిగింది" అంటిని. అని యూరకుండక, ఇట్లే నీళ్లలో నిలిచిన లైనరు గల యింజను ఒకటి సీమదేశమున పొలము దున్నినదనియు, అదే యింజను మోటారు పందెములలోను గెలిచినదనియు చెప్పితిని. ఆయన నవ్వి, "ఏంది సారూ, మోటకొట్టే ఎద్దును తీసుకపోయి గుర్రాల పందెంల కడ్తరా?" అనిరి.

ఆనాడు దొడ్డిలో నిలిచి నేను చెప్పిన జవాబు పొట్టిది. నేడు కొంచెము విపులముగా చెప్పెదను.

మోటారు బండ్లు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించిరి. అవి ఆల్బియను కంపెనీవారి బస్సులు. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున తయారైనవి. అంతకు ఇరువదేండ్లు ముందే హైదరాబాదునకు రోల్సురాయిసు కారు వచ్చియున్నది. ఏ ఆరవ నిజాముగారి పేరున మన పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు కలిగినదో, ఆ మహబూబ్ అలీఖాను గారే దానిని చేయింప నుత్తరువిచ్చిరి. 1912లో అది చేరునప్పటికి ఆయన జీవించి లేరు. చౌమహల్లా భవనమున పసుపువన్నెతో నేటికిని అది నిలిచియున్నది. లోపలి పీఠము సింహాసనమువలె ఎత్తుగా నుండును. బస్సు పదిమందిని మోయుటకు పుట్టినది. ఆ పచ్చని కారు ఒక్కరిని ఊరేగించుటకు పుట్టినది. నేను చెప్పబోవు స్పోర్ట్సు కారు వేఱొక జాతి. ఇద్దరు కూర్చుండు చిన్నబండి. పైకప్పు గుడ్డది, కావలసినప్పుడు మడిచిపెట్టవచ్చును. చేరవలసిన ఊరికంటె దారియే దానికి ముఖ్యము. జాతరనాడు కచ్చడపు బండి కట్టి గిత్తలను అదలించు పడుచువాని ఉత్సాహ మెట్టిదో, దీనిని నడపువాని ఉత్సాహము నట్టిది.

ఇంగ్లండుదేశము ఇట్టి బండ్లకు పుట్టినిల్లని ప్రసిద్ధి. కాని ఆ దేశమే మొదట యంత్రపు బండి కాళ్లకు బందము వేసినది. 1865 నాటి శాసనము ప్రకారము యంత్రబలముతో నడచు బండి ఊరి వెలుపల గంటకు నాలుగు మైళ్లు, ఊరిలో రెండు మైళ్లు మించరాదు. దాని ముందు ఒక మనిషి ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. అంతకంటె మన సవారి కచ్చడమే నయము. ఆ కట్టడి 1896లో సడలినది. 1903లో గంటకు 20 మైళ్ల పరిమితి వచ్చి, 1930లో కార్ల విషయమున అదియు తొలగినది.

వేగమునకు స్వేచ్ఛ వచ్చినను పన్ను మాత్రము వదలలేదు. ఈ పన్ను సంగతి మీకు నచ్చునని కొంచెము నిలిచి చెప్పుచున్నాను. ఇంజనులోని సిలిండరు రోలు వంటిదనుకొనుడు. అందు పైకి క్రిందికి ఆడు పిస్టను రోకలి. 1921 నుండి ఆ దేశమున కారునకు గుఱ్ఱపుబలము ఒక్కింటికి ఒక పౌను చొప్పున ఏటేట పన్ను కట్టవలసి వచ్చెను. ఆ గుఱ్ఱపుబలమును ఇంజను నిజముగా లాగు బలమునుబట్టి లెక్కింపరైరి. రోటి నోరు ఎంత వెడల్పు, అట్టి రోళ్లు ఎన్ని, అని మాత్రమే చూచిరి. రోకలి ఎంత లోతునకు దిగునో లెక్కలోనికి రాలేదు. బావినోటి వెడల్పునుబట్టి శిస్తు వేసినచో మన రైతు ఏమి చేయును? నోరు ఇరుకుగా, లోతు మిక్కుటముగా త్రవ్వించును. సీమ కర్మాగారములవారును అట్లే చేసిరి. సన్నని సిలిండరు, పొడవైన నడక గల యింజను ఆ దేశపు ముద్ర యయ్యెను.

1928లో వెలువడిన ఎం.జి. మిడ్జెట్ అను బండి దీనికి మంచి నిదర్శనము. ఆక్స్‌ఫర్డు పట్టణమున మారిస్ గరాజెస్ అని కార్లను అమ్ముచు మరమ్మతు చేయు సంస్థ యొకటి యుండెను. దానిని నడపిన సిసిల్ కింబరు అను నాతడు, విలియం మారిసుగారి కర్మాగారమున క్రొత్తగా తయారైన మైనరు అను చవుక కారుయొక్క చట్రమును, ఇంజనును తీసికొని, దానిపై పలుచని చెక్కతోను గుడ్డతోను తేలికయైన దేహము కట్టించెను. సిలిండరు వెడల్పు 57 మిల్లీమీటర్లు, పిస్టను నడక 83 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లు కలిసి 847 ఘన సెంటీమీటర్లు. పన్నుకు అది 8 గుఱ్ఱముల బండి. నిజమునకు 20 గుఱ్ఱముల బలము దానిది. ధర 175 పౌనులు. అంతవరకు వేగపు బండి జమీందారుల వినోదముగా నుండెను. దీనితో సామాన్య ఉద్యోగులకును అందుబాటైనది.

ఈ పద్ధతియే తరువాతి యేబదేండ్లు ఆ దేశమున సాగినది. స్పోర్ట్సు కారు చేయువారు దానికై ఇంజనును క్రొత్తగా పుట్టించుట అరుదు. పోతపోయు అచ్చులకు, యంత్రములకు అగు వ్యయము చిన్నబండ్ల అమ్మకముపై తిరిగి రాదు. కావున ఇంటిలో నున్న చవుకబండి భాగములనే ఏరి, బరువు తగ్గించి, ఇంజనునకు ఊపిరి పెంచి, చట్రమును క్రిందికి దింపి నడపిరి. ఇందు అన్నిటికంటె చిత్రమైన కథ మన ట్రాక్టరునకు సంబంధించినది.

హారీ ఫెర్గూసను ఐర్లండు ఉత్తరభాగమునకు చెందిన రైతుబిడ్డ. ఎఱ్ఱరంగు ట్రాక్టరుపై ఆయన పేరు మన పల్లెలలో పిల్లలకును తెలియును. పూర్వపు ట్రాక్టర్లు మిక్కిలి బరువైనవి. నాగలిని గొలుసుతోనో కొక్కెముతోనో వెనుక ఈడ్చెడివి. కఱ్ఱు బండకు తగిలి ఆగినచో ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి, వెనుకకు తిరుగబడి, నడపువాని ప్రాణములు తీసిన సందర్భములు కలవు. మన రాతినేలలలో అది యెంత అపాయమో వేఱుగ చెప్పనక్కరలేదు. ఫెర్గూసను నాగలిని మూడు చేతులతో ట్రాక్టరునకే తగిలించి, నూనె ఒత్తిడితో దానిని ఎత్తుటకు దించుటకు ఏర్పాటు చేసెను. నాగలి ఎంత బిగువుగా లాగినచో వెనుక చక్రములు అంత గట్టిగా నేలను పట్టును. అందుచేత తేలికయైన చిన్న ట్రాక్టరే పెద్దపని చేయగలిగినది. నేడు మన ట్రాక్టర్ల వెనుక కనబడు మూడు చేతులు ఆ ఏర్పాటే.

ఈ ట్రాక్టరును చేయు బాధ్యతను ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమందలి స్టాండర్డు మోటారు కంపెనీవారు వహించిరి. 1946 మొదలు 1956 వఱకు పదియేండ్లలో ఐదులక్షలకు పైగా ట్రాక్టర్లు అచ్చటనుండి వెలువడినవి. మొదట అమెరికా యింజను అమర్చిరి. 1947 నుండి స్టాండర్డువారు తమ సొంత యింజను పెట్టిరి. దానినే వాన్‌గార్డు అను తమ కుటుంబపు కారునందును అమర్చిరి. యుద్ధముచే ఇనుమునకు, డబ్బునకు కరవైన కాలము. ఒకే అచ్చున రెండు పనులు కావలెనని వారి యూహ.

ఆ యింజను విశేష మేమనగా, దాని సిలిండర్లు ఇనుపదిమ్మెలో తొలిచినవి కావు. విడిగా పోతపోసిన గొట్టములను దిమ్మెలో దించి నిలిపెదరు. వాటి చుట్టును చల్లార్చు నీరు తిరుగుచుండును. మన బావులలో ఒరలు దించుట మీరెఱుగుదురు. బావిలో ఒరకు లోపల నీరుండును, ఇచ్చట ఒరకు వెలుపల నీరుండును, అంతియే భేదము. ఒర అరిగినచో పీకివేసి క్రొత్తది దించవచ్చును, దిమ్మె చెడదు. పొలమున, కర్మాగారమునకు దూరముగా పనిచేయు యంత్రమునకు ఇంతకంటె మేలైన ఏర్పాటు లేదు. ఇంకొక లాభమును కలదు: ఒరయొక్క వెడల్పు మార్చినచో ఇంజను పరిమాణమే మారును. పిస్టను నడక ఎల్లప్పుడును 92 మిల్లీమీటర్లు. ట్రాక్టరులో ఒర వెడల్పు మొదట 80, పిదప 85 మిల్లీమీటర్లు. వాన్‌గార్డులో 85, అనగా 2,088 ఘన సెంటీమీటర్లు. మోటారు పందెములలో 2,000 లోపు బండ్లకు ప్రత్యేక తరగతి యుండెను. 83 మిల్లీమీటర్ల ఒర దించినచో అదే యింజను 1,991కి తగ్గి ఆ తరగతిలో చేరును. స్టాండర్డువారు 1944లో ట్రయంఫ్ అను కంపెనీని కొనియుండిరి. ఆ పేరుతో వారు ఈ చిన్న ఒరల యింజనును చిన్నబండిలో పెట్టిరి. ఆ బండియే ట్రయంఫ్ టి.ఆర్.2.

ఇప్పుడు పటేలుగారి ప్రశ్నకు వచ్చెదము. ఎద్దు గుఱ్ఱమెట్లయ్యెను?

ట్రాక్టరులో ఆ యింజను బలము సుమారు 28 గుఱ్ఱములు, టి.ఆర్.2లో 90. ఒర చిన్నదైనను బలము మూడు రెట్లు మించినది. దీనికి మొదటి కారణము చుట్లు. మోటబావివద్ద ఒక్కమోటకు వచ్చు నీరు ఒక్కటే. గంటకు ఎన్నిమోటలు లాగితిమన్నదే మడి తడియుటకు ఆధారము. ట్రాక్టరు యింజను నిమిషమునకు 2,000 చుట్ల వద్ద పూర్తి పని చేయును. అంతకు మించిపోకుండ దానికి కళ్లెము కలదు. టి.ఆర్.2లో ఆ కళ్లెము లేదు. 4,800 చుట్ల వద్ద దాని పూర్తి బలము. ఇది రెండురెట్లకు మించిన లెక్క. మిగిలినది ఊపిరి వలన వచ్చినది. కొలిమిలో తిత్తి చిన్నదైనచో బొగ్గెంత పోసినను మంట లేవదు. ట్రాక్టరునకు గాలియు పెట్రోలును కలిపి యిచ్చు కార్బ్యురేటరు ఒక్కటి, టి.ఆర్.2కు రెండు. పీల్చిన గాలిని ట్రాక్టరు ఇంచుమించు ఆరవవంతునకు అదుమును, టి.ఆర్.2 ఎనిమిదిన్నరవ వంతునకు అదుమును. అదుము ఎక్కువైనకొలది మంటయొక్క తోపు ఎక్కువ. కాని అంత అదుమునకు మేలైన పెట్రోలు కావలెను. ట్రాక్టరునకో, కొన్ని రకములలో, గ్యాసునూనె వంటి చవుక నూనెయే చాలెడిది.

బరువు విషయమున చిత్రమేమనగా, రెండును ఇంచుమించు టన్ను బండ్లే. ట్రాక్టరు కొంచెము ఎక్కువ, కారు కొంచెము తక్కువ. ట్రాక్టరు గేర్లు ఇంజను తిరుగుడును బహుగా తగ్గించి చక్రమునకు ఈడ్పునిచ్చును. దాని పరుగు గంటకు 13 మైళ్లు దాటదు. కారు గేర్లు ఆ తిరుగుడును నిలుపుకొని చక్రమునకు పరుగునిచ్చును; అది గంటకు నూరుమైళ్లు దాటినది.

అయితే ఇంజను బలిసినంతమాత్రమున పందెపు బండి కాదు. ఇచ్చటనే ఆ కంపెనీవారికి మొదట పరాభవమైనది. 1952లో లండను ప్రదర్శనమునకు వారు తెచ్చిన మొదటి నమూనాకు యుద్ధమునకు పూర్వపు పాత కారు చట్రమునే వాడిరి. అది నిలువయున్న సరకు. పందెపు బండ్ల అనుభవము గల కెన్ రిచర్డుసను అను నాతనిని పిలిచి నడపి చూడుమనిరి. ఆతడు దానిని నడపివచ్చి, ఇది ప్రాణములు తీయు బండియని మొగము మీదనే చెప్పెను. పెద్దలు కోపగింపక, అట్లయిన నీవే సరిదిద్దుమని ఆతనిని కొలువునకు తీసికొనిరి. ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టమిది. క్రొత్త చట్రము గట్టిగా కట్టిరి. వంకరపోకుండ అడ్డకమ్ములు వేసిరి. బ్రేకులు, వెనుకభాగము మార్చిరి. కొన్ని నెలలకే, 1953 మే 20న, బెల్జియము దేశమున జబ్బెకె అను చోట తిన్నని రహదారిపై ఆ రిచర్డుసనే టి.ఆర్.2ను గంటకు 124 మైళ్లకు మించిన వేగముతో నడపెను. గాలి అడ్డము తగ్గుటకు ముందరి అద్దము తీసివేసి, అడుగున రేకు బిగించిన మాట నిజమే. మామూలు బండి 105 మైళ్ల ప్రాంతమున పరుగెత్తెడిది. 1954లో ఇంగ్లండునందలి ఆర్.ఎ.సి. ర్యాలీ అను దూరపుదారి పందెమున అట్టి బండియే గెలిచినది.

పరుగు పెరిగినకొలది నిలుపుట కష్టము. నేడు మీ పల్లెలలో పడుచువాండ్ర మోటారు సైకిళ్ల ముందుచక్రమునకు తిరుగు పళ్లెమును ఇరుప్రక్కల నొక్కిపట్టు డిస్కు బ్రేకు చూచుచున్నారు గదా. 1953లో ఫ్రాన్సు దేశపు లెమాన్ నగరమున, ఇరువదినాలుగు గంటల పందెమున, జాగ్వారు బండ్లు అట్టి బ్రేకులతోనే గెలిచినవి. పెద్దసంఖ్యలో అమ్ముడగు ఇంగ్లీషు కార్లలో మొదట వానిని పెట్టినది 1956లో ట్రయంఫువారే; టి.ఆర్.2 తరువాతి టి.ఆర్.3కు. మాల్వర్న్ అను ఊరిలో మోర్గాన్ అను చిన్న కర్మాగారమువారు ఇదే యింజనును కొయ్యచట్రముతో కట్టిన దేహముగల బండిలో పెట్టి అమ్మిరి. బండిపని చేయు మన వడ్లవాండ్రు చూచినచో దానిని తమ కులపు పనియే యనుకొందురు.

ఈ బండ్లు ఎక్కువభాగము అమెరికాకు పోయెడివి. యుద్ధానంతరము ఆ దేశమునకు డాలర్లు కావలసివచ్చి, ఎగుమతి చేయు కర్మాగారములకే ఇనుము ముందుగా ఇచ్చెడివారు. ఇరువదియైదేండ్లు ఆ వర్తకము సాగినది. పిదప అమెరికాలో పొగకు, ప్రమాదములకు క్రొత్త కట్టుబాట్లు వచ్చినవి. పాత యింజన్లు వానికి తూగలేదు. కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసి, తగవులతో చీకాకుపడినవి. 1980లో ఎం.జి. కర్మాగారము మూతపడినది. ట్రయంఫువారి స్పిట్‌ఫైరు అను చిన్నబండియు ఆ యేడే ఆగినది.

స్పిట్‌ఫైరును మన ప్రాంతమున ఎవ్వరును గుర్తింపకపోవచ్చును. దాని తోబుట్టువు మాత్రము మన పట్టణముల డాక్టర్లు, వకీళ్లు నడపిన బండియే: స్టాండర్డు హెరాల్డు. కోవెంట్రీవారి సహకారముతో 1948లో మదరాసున స్టాండర్డు మోటార్ ప్రాడక్ట్స్ అను కంపెనీ వెలసినది. మొదట వాన్‌గార్డు కారును, 1961 నుండి హెరాల్డును అచ్చట కూర్చిరి. హెరాల్డు చట్రమును కురుచచేసి, తేలిక దేహము తొడిగినదే సీమలో 1962 నాటి స్పిట్‌ఫైరు. వెనుకచక్రములు రెండును వేర్వేరుగా ఊగునట్టి ఏర్పాటు రెండింటికిని ఉండెను. గతుకుల దారులలో మనవారికి అది చిక్కులు తెచ్చినది. 1972లో మదరాసువారు గజెల్ అను బండిలో దానిని మాని, ఎద్దుబండివలె ఒకే గట్టి ఇరుసు పెట్టిరి.

మన ఒరల యింజను కథ మాత్రము అప్పటికిని ముగియలేదు. 1985లో మదరాసు కంపెనీవారు స్టాండర్డు 2000 అను గొప్ప కారును వెలువరించిరి. దాని దేహము ఇంగ్లండులోని రోవరు కంపెనీది. విశాలమైనది, సొగసైనది, బరువైనది. లోపల మాత్రము ఆ పాత వాన్‌గార్డు వంశపు యింజనే: 1,991 ఘన సెంటీమీటర్లు, అనగా టి.ఆర్.2 కొలతయే. కొన్నవారు దేహమును చూచి కొనిరి. నడపిన పిదప అది పెట్రోలు త్రాగు తీరు చూచిరి. అంతకు రెండేండ్లు ముందు, 1983 చివర, చిన్న మారుతికారు వచ్చి జనుల లెక్కలు మార్చియుండెను. తేలిక దేహమున గుఱ్ఱమైన యింజను ఆ బరువుక్రింద మరల ఎద్దయ్యెను. 1988 నాటికి దాని తయారీ ఆగిపోయి, కర్మాగారము మూతపడినది.

దొడ్డిలో ఇంత చెప్పలేదు. ఒర సంగతి, చుట్ల సంగతి మాత్రము చెప్పితిని. పటేలుగారు కొంతసేపు ఆ యింజను తలలోనికి తొంగిచూచి, "మరి ఈ ఒర యాడ దొర్కుతది?" అని యడిగిరి. సికిందరాబాదు రాణిగంజు అంగళ్లలో కొలత చెప్పి వెదకుడంటిని. ఆయన మనుమడు సుతిలిబద్ద తెచ్చి నోటి వెడల్పు కొలిచి, అంకెను బొగ్గుముక్కతో గోడమీద వ్రాసెను.